ట్యాప్ ఛేంజర్ ఎంపిక: ఆఫ్ సర్క్యూటా, ఆన్‌లోడా? ఆయిలా, వాక్యూమా?

పవర్ ట్రాన్స్‌ఫార్మర్ కొనేటప్పుడు ఎంవీఏ (సామర్థ్యం) మీద, ఇంపిడెన్స్ (కరెంటుకు లోపల ఎదురయ్యే అడ్డు) మీద, నష్టాల మీద గంటల తరబడి చర్చ జరుగుతుంది. వైండింగ్ చుట్లను మార్చి వోల్టేజిని సరిచేసే ట్యాప్ ఛేంజర్ దగ్గరికి వచ్చేసరికి పాత స్పెసిఫికేషన్‌లో ఉన్న వాక్యాన్నే కొత్త కాగితంలో దింపేస్తారు. ఫ్యాన్లు, పంపులు పక్కన పెడితే ట్రాన్స్‌ఫార్మర్ మొత్తంలో కదిలే భాగం ఇదొక్కటే. అరిగేదీ, తెరిచి చూడాల్సిందీ ఇదే. ఇక్కడ చేసిన తప్పు ఎంపిక ముప్పై, నలభై ఏళ్లపాటు వెంటాడుతుంది. అందుకే ఈ ఒక్క భాగానికి విడిగా సమయం కేటాయించాలి.

మొదట వేసుకోవాల్సిన ప్రశ్న వోల్టేజి ఎంత మారుతోందని కాదు, ఎంత తరచుగా మారుతోందని. ఏడాదికోసారి, సీజన్‌కోసారి సరిచేస్తే సరిపోయే చోటు వేరు, అక్కడ సప్లై ఆపి మార్చే ఆఫ్ సర్క్యూట్ రకం చాలు. ఒక్క రోజులోనే పైకీ కిందకీ పోయే చోటు వేరు, అక్కడ లోడు నడుస్తుండగానే మార్చే ఆన్‌లోడ్ రకం కావాలి. రేంజి, స్టెప్పు, కరెంటు, ఆయిలా వాక్యూమా అన్న లెక్కలన్నీ ఆ తర్వాతే.

అసలు పని

ట్రాన్స్‌ఫార్మర్‌లో ఎక్కువ వోల్టేజి వైపు (హెచ్‌వీ), తక్కువ వోల్టేజి వైపు (ఎల్‌వీ) వైండింగులు ఉంటాయి. ఎల్‌వీ వోల్టేజి ఈ రెండు వైండింగుల చుట్ల నిష్పత్తి మీద ఆధారపడుతుంది. హెచ్‌వీ వైండింగ్‌లో కొన్ని చుట్లు తగ్గిస్తే ఎల్‌వీ వోల్టేజి పెరుగుతుంది, కలిపితే తగ్గుతుంది. ఇలా చుట్లు మార్చడానికి వైండింగ్ నుంచి బయటికి తీసిన కొనలే ట్యాపులు. వీటిని ఎక్కువగా హెచ్‌వీ వైపే పెడతారు. అక్కడ కరెంటు తక్కువ కాబట్టి కాంటాక్టులు చిన్నవి సరిపోతాయి. చుట్లు ఎక్కువ కాబట్టి చిన్న చిన్న స్టెప్పులు తీయవచ్చు. ఎల్‌వీ వైపు ఒక్క చుట్టు తేడాయే ఒక శాతం దాటిపోవచ్చు.

33/11 కేవీ ట్రాన్స్‌ఫార్మర్‌కు ఇన్‌కమింగ్ 30 కేవీయే వస్తోందనుకుందాం. నార్మల్ ట్యాపులో, లోడు లేనప్పుడు ఎల్‌వీలో కనిపించేది 10,000 వోల్టులు. 1.25 శాతం చొప్పున ఏడు స్టెప్పులు చుట్లు తగ్గిస్తే, అంటే మైనస్ 8.75 శాతం ట్యాపుకు వెళితే, 10,959 వోల్టులు వస్తాయి. ఇంకో స్టెప్పు వేస్తే 11,111. ఏ ట్యాపు నంబరు ఎటువైపో తయారీదారును బట్టి మారుతుంది. నేమ్‌ప్లేట్ మీద ఉన్న వోల్టేజి పట్టిక చూడకుండా నంబరును నమ్మి తిప్పకూడదు.

ఆఫ్ సర్క్యూట్ ట్యాప్ స్విచ్: ఎక్కడ చాలు

సాధారణంగా అయిదు పొజిషన్లు ఉంటాయి: ప్లస్ 5, ప్లస్ 2.5, నార్మల్, మైనస్ 2.5, మైనస్ 5 శాతం. ధర తక్కువ, మోటారు లేదు, విడిగా ఆయిల్ గది లేదు. మార్చాలంటే మాత్రం ట్రాన్స్‌ఫార్మర్‌ను రెండు వైపులా విడదీసి, ఎర్త్ చేయాలి. ఎల్‌వీ బ్రేకర్ తీసేశాం, లోడు లేదు కదా అని హెచ్‌వీ ఛార్జ్‌లో ఉండగానే తిప్పడం ప్రమాదం. లోడు లేకపోయినా మ్యాగ్నెటైజింగ్ కరెంటు (కోర్‌ను అయస్కాంతంగా మార్చే కరెంటు) ప్రవహిస్తూనే ఉంటుంది. కాంటాక్టులు విడిపోయేటప్పుడు పుట్టే మెరుపును, అంటే ఆర్క్‌ను, ఆర్పే ఏర్పాటు ఈ స్విచ్‌లో లేదు. కాంటాక్ట్ విడిపోగానే ట్యాపుల మధ్య పుట్టిన ఆర్క్ వైండింగ్ చుట్లను షార్ట్ చేసి ట్రాన్స్‌ఫార్మర్‌నే తీసుకుపోతుంది. హ్యాండిల్‌కు తాళం వేయాలనడం అందుకే.

దీని అసలు శత్రువు నిశ్చలత. ఏళ్ల తరబడి ఒకే పొజిషన్‌లో ఉండిపోతే కాంటాక్ట్ ఉపరితలం మీద పలుచని పొర కడుతుంది. ఆ పొర వల్ల నిరోధం పెరుగుతుంది, వేడి పెరుగుతుంది, ఆ వేడికి పక్కనున్న ఆయిల్ గట్టిపడి కోకింగ్‌గా మారి నిరోధాన్ని ఇంకా పెంచుతుంది. ఒకసారి మొదలైతే ఇది తనంతట తాను ఆగదు. షట్‌డౌన్ దొరికిన ప్రతిసారీ మొదటి పొజిషన్ నుంచి చివరి వరకు అయిదారుసార్లు తిప్పాలి. తిరిగి కావాల్సిన పొజిషన్‌లో పెట్టి, మూడు ఫేజుల్లోనూ వైండింగ్ రెసిస్టెన్స్ కొలిచి, పాత రీడింగులతో ఉష్ణోగ్రత సవరణ చేసి పోల్చాలి. ఈ చివరి కొలత చేయకుండా ఛార్జ్ చేస్తే, సగంలో ఆగిన కాంటాక్ట్ ఉన్నా తెలియదు.

ఇన్‌కమింగ్ వోల్టేజి నిలకడగా ఉండే చోట, ఇంపిడెన్స్ 4, 5 శాతం మాత్రమే ఉన్న చిన్న ట్రాన్స్‌ఫార్మర్లకు, పైన ఉన్న సబ్‌స్టేషన్‌లో ఎలాగూ ఆన్‌లోడ్ నియంత్రణ ఉన్నప్పుడు ఇది నిస్సంకోచంగా సరిపోతుంది. అక్కడ ఆన్‌లోడ్ పెట్టడమంటే మెయింటెనెన్స్‌ను డబ్బిచ్చి కొనుక్కోవడమే.

ఒక్క మినహాయింపు మాత్రం ఈమధ్య గట్టిగా ముందుకొచ్చింది. ఇళ్ల కప్పుల మీద సోలార్ ఎక్కువగా ఉన్న ఫీడర్లలో మధ్యాహ్నం విద్యుత్తు వెనక్కి పారి వోల్టేజి పెరుగుతుంది, సాయంత్రం లోడు పెరిగి పడిపోతుంది. మధ్యాహ్నానికి సరిపడేలా వోల్టేజి తగ్గించే ట్యాపు పెడితే సాయంత్రం వోల్టేజి చాలదు. సాయంత్రానికి సరిపెడితే మధ్యాహ్నం ఇన్వర్టర్లు ఓవర్‌వోల్టేజితో ట్రిప్ అవుతాయి. స్థిరమైన ఏ ట్యాపూ ఈ రెండింటినీ తీర్చలేదు. ఇలాంటి చోట డిస్ట్రిబ్యూషన్ ట్రాన్స్‌ఫార్మర్‌కే చిన్న ఆన్‌లోడ్ ట్యాప్ ఛేంజర్ పెట్టడం అర్థవంతమైన ఖర్చు.

ఆన్‌లోడ్ ఎందుకు తప్పదో లెక్కలో

ఇంపిడెన్స్ 10 శాతం ఉన్న ట్రాన్స్‌ఫార్మర్‌లో నిరోధం వాటా 0.5 శాతం అనుకుందాం. ఫుల్ లోడు, 0.8 ల్యాగింగ్ పవర్ ఫ్యాక్టర్ దగ్గర లోపలి వోల్టేజి డ్రాప్ సుమారు 0.5 × 0.8 + 10 × 0.6, అంటే 6.4 శాతం. ఇన్‌కమింగ్ వోల్టేజి గుండుసూదంత కూడా కదలకపోయినా, ఖాళీ నుంచి ఫుల్ లోడుకు వెళ్లేసరికే 1.25 శాతం స్టెప్పులు అయిదు కావాలి. ఇది రోజూ జరిగేది. ఆఫ్ సర్క్యూట్‌కు ఇక్కడ చోటే లేదు.

రేంజి కూడా ఇలాగే లెక్క కట్టాలి, పక్క సబ్‌స్టేషన్‌ది చూసి రాసుకోకూడదు. ఇన్‌కమింగ్ మైనస్ 8 శాతానికి పడిపోయి, అదే సమయంలో ఫుల్ లోడు ఉంటే ఎల్‌వీలో రేటెడ్ వోల్టేజి నిలపడానికి హెచ్‌వీ చుట్లు దాదాపు 14 శాతం తగ్గాలి. రాత్రి లోడు లేక, ఇన్‌కమింగ్ ప్లస్ 4 శాతానికి పెరిగితే చుట్లు 4 శాతం పెరగాలి. అంటే కావాల్సింది ప్లస్ 5 నుంచి మైనస్ 15 వరకు, 1.25 శాతం చొప్పున 16 స్టెప్పులు, 17 పొజిషన్లు. రేంజి ఒకవైపు ఎక్కువ ఒరిగి ఉండటానికి కారణం ట్రాన్స్‌ఫార్మర్ సొంత డ్రాపే. ప్లస్ మైనస్ 10 శాతమే కావాలంటే ఎల్‌వీ నో-లోడ్ వోల్టేజిని ఆ మేరకు పెంచి ఆర్డర్ ఇవ్వాలి. రేంజి అవసరానికి మించి పెంచడం ఉచితం కాదు. ట్యాప్ వైండింగ్ పెరుగుతుంది, చివరి ట్యాపుల్లో ఇంపిడెన్స్ మారుతుంది, ఇంపల్స్ (పిడుగులాంటి క్షణికమైన అధిక వోల్టేజి) పరీక్షలో ఇన్సులేషన్ మీద ఒత్తిడి పెరుగుతుంది.

కరెంటు రేటింగ్: ఎక్కువమంది జారే మెట్టు

10 ఎంవీఏ, 33 కేవీ ట్రాన్స్‌ఫార్మర్ హెచ్‌వీ లైన్ కరెంటు 175 ఆంపియర్లు. దీన్ని చూసి 200 ఆంపియర్ల ట్యాప్ ఛేంజర్ చాలనుకుంటారు. కానీ మైనస్ 15 శాతం ట్యాపులో పూర్తి ఎంవీఏ ఇవ్వాలంటే కరెంటు 175ను 0.85తో భాగించాలి: 206 ఆంపియర్లు. హెచ్‌వీ స్టార్ (మూడు ఫేజుల వైండింగుల ఒక్కో చివర న్యూట్రల్ దగ్గర కలిసే అమరిక) అయితే 200 సరిపోదు, పై రేటింగ్‌కు వెళ్లాలి. హెచ్‌వీ డెల్టా (మూడు వైండింగులూ త్రిభుజంలా కలిసే అమరిక) అయి, ట్యాపులు వైండింగ్ మధ్యలో ఉంటే ట్యాప్ ఛేంజర్ గుండా పోయేది ఫేజ్ కరెంటు కాబట్టి 119 ఆంపియర్లే. కానీ అక్కడ స్టెప్పు వోల్టేజి స్టార్‌లోలా 238 కాదు, 412.5 వోల్టులు. పైగా ఫేజుల మధ్య పూర్తి లైన్ వోల్టేజికి తగ్గ ఇన్సులేషన్ కావాలి. కరెంటు, స్టెప్పు వోల్టేజి, ఇన్సులేషన్ ఈ మూడూ కలిపే చూడాలి. ఒక్కోటి విడిగా పరిమితిలో ఉన్నా, రేటింగ్ వక్రరేఖ మీద కరెంటు, స్టెప్పు వోల్టేజి కలిసిన బిందువు పరిమితి బయట పడవచ్చు.

స్టార్ న్యూట్రల్ చివర ట్యాపులు పెట్టే వీలుంటే అదే మేలు. మూడు ఫేజులకూ ఒకే యూనిట్, తక్కువ ఇన్సులేషన్, తక్కువ ఎత్తు.

ఇంకో మాట. హెచ్‌వీ వోల్టేజి స్థిరంగా ఉంటే, ఎల్‌వీని పెంచడానికి హెచ్‌వీ చుట్లు తగ్గించినప్పుడు కోర్‌లో ఫ్లక్స్ కూడా పెరుగుతుంది. ఇన్‌కమింగ్ పడిపోయినందువల్ల తగ్గించినప్పుడు ఆ ఇబ్బంది లేదు. ఏ సందర్భానికో ఆర్డర్‌లో రాయకపోతే డిజైనర్ తనకు తోచింది ఊహించుకుంటాడు.

లోపల జరిగేది

రెసిస్టర్ రకంలో రెండు అంచెలు ఉంటాయి. ట్యాప్ సెలెక్టర్ ముందుగా కరెంటు లేని వైపు తర్వాతి ట్యాపును పట్టుకుంటుంది. ఆపై డైవర్టర్ స్విచ్ లోడును అటు మళ్లిస్తుంది. మెయిన్ కాంటాక్ట్ వదలగానే కరెంటు మొదటి రెసిస్టర్ గుండా వెళుతుంది. వెంటనే రెండో రెసిస్టర్ కొత్త ట్యాపును తాకుతుంది. కొన్ని మిల్లీసెకన్లు రెండు ట్యాపులూ రెండు రెసిస్టర్ల ద్వారా కలిసి ఉంటాయి. తర్వాత మొదటిది విడిపోతుంది, కొత్త మెయిన్ కాంటాక్ట్ మూసుకుంటుంది. మొత్తం 40 నుంచి 60 మిల్లీసెకన్లు. లోడు ఎక్కడా తెగదు, ట్యాపుల మధ్య షార్టూ జరగదు. వేగంగా కదిలే ఈ రెసిస్టర్ పద్ధతికి 1927లో పేటెంట్ తీసుకున్నది జర్మనీకి చెందిన బెర్న్‌హార్డ్ యాన్సెన్. ఇప్పటికీ మూలసూత్రం అదే.

ఆ వేగం మోటారుది కాదు, స్ప్రింగ్‌ది. మోటారు కొన్ని సెకన్లపాటు స్ప్రింగ్‌ను బిగిస్తుంది, బిగుసుకున్నాక అది ఒక్కసారిగా విడుదలవుతుంది. కదలిక మొదలయ్యాక సప్లై పోయినా డైవర్టర్ తన పని పూర్తి చేస్తుంది. అలా కాకుండా స్ప్రింగ్ విరిగి మధ్యలో నిలిచిపోతే ఏమవుతుందో పై ఉదాహరణలోనే చూడవచ్చు. 238 వోల్టుల స్టెప్పు, 206 ఆంపియర్లకు రెసిస్టర్ సుమారు 1.15 ఓములు. ఆ కరెంటు అందులోనే నిలిస్తే పుట్టే వేడి దాదాపు 49 కిలోవాట్లు. మిల్లీసెకన్ల కోసం చేసిన తీగ అది. సెకన్లలో తెగిపోతుంది, ఆ తర్వాత మిగిలేది లోడు కరెంటు ఆర్కే.

చిన్న రేటింగుల్లో సెలెక్టర్, డైవర్టర్ రెండు పనులూ ఒకే స్విచ్ చేస్తుంది. చవక, చిన్నది. కానీ ఆర్క్ సెలెక్టర్ కాంటాక్టుల మీదే పడుతుంది. తక్కువ ఆపరేషన్లు ఉండే సబ్‌స్టేషన్‌కు సరే. కరెంటు, వోల్టేజి పెరిగేకొద్దీ డైవర్టర్ విడిగా ఉన్నదే తీసుకోవాలి.

రియాక్టర్ రకం ఉత్తర అమెరికాలో ఎక్కువ. రెసిస్టర్ బదులు నిరంతరం కరెంటు మోయగల రియాక్టర్ ఉంటుంది కాబట్టి రెండు ట్యాపుల మధ్య నిలబడి ఉండటం కూడా ఒక పొజిషనే. ప్లస్ మైనస్ 10 శాతాన్ని 32 స్టెప్పుల్లో, 0.625 శాతం చొప్పున ఇవ్వగలగడం అందువల్లే. ఎల్‌వీ వైపు పెద్ద కరెంట్లకు బాగుంటుంది. రియాక్టర్ బరువు, చోటు, అదనపు నష్టాలు భరించాలి.

ఆయిలా, వాక్యూమా

ఆయిల్ రకంలో ఆర్క్ నేరుగా ఆయిల్‌లోనే ఆరుతుంది. ప్రతి ఆపరేషన్‌కూ కొంచెం కార్బన్, కొంచెం గ్యాస్. అందుకే డైవర్టర్‌కు విడి గది, విడి కన్సర్వేటర్ (ఆయిల్ వ్యాకోచానికి పైన ఉండే చిన్న ట్యాంకు), విడి బ్రీదర్ (లోపలికి వెళ్లే గాలిలోని తేమను పీల్చేది). వాక్యూమ్ రకంలో ఆర్క్ సీల్ చేసిన బాటిల్ లోపలే ఆరిపోతుంది, ఆయిల్ శుభ్రంగా ఉంటుంది.

తేల్చాల్సింది ఆపరేషన్ల సంఖ్యతో. అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణం ఐఈసీ 60214-1 ప్రకారం కాంటాక్టుల సర్వీస్ డ్యూటీ పరీక్ష 50,000 ఆపరేషన్లు, మెకానికల్ ఎండ్యూరెన్స్ 5,00,000. రోజుకు 15 ఆపరేషన్లు చేసే సబ్‌స్టేషన్‌లో ఏడాదికి సుమారు 5,500. ఆయిల్ రకానికి 50,000కు ఒకసారి తెరవాలంటే తొమ్మిదేళ్లు పడుతుంది. అయినా ఆయిల్ పాడవుతుంది కాబట్టి తయారీదారులు ఆపరేషన్లతోపాటు ఏళ్ల పరిమితి కూడా పెడతారు, ఏది ముందొస్తే అది. ఆర్క్ ఫర్నేస్‌కు రోజుకు 300 ఆపరేషన్లు అనుకుంటే ఏడాదికి లక్షా పది వేలు. ఆయిల్ రకమైతే ఏడాదికి రెండుసార్లు షట్‌డౌన్. వాక్యూమ్ రకాల్లో 3,00,000 ఆపరేషన్ల వరకు తెరవనక్కర్లేనివి ఉన్నాయి, అంటే దాదాపు మూడేళ్లు. ఫర్నేస్‌కు, రెక్టిఫయర్‌కు, ఇంకో ట్రాన్స్‌ఫార్మర్ ప్రత్యామ్నాయం లేని చోటుకు, నిపుణులు చేరడమే కష్టమైన మారుమూల సబ్‌స్టేషన్‌కు వాక్యూమే ఎంచుకోవాలి. రెండు ట్రాన్స్‌ఫార్మర్లున్న మామూలు సబ్‌స్టేషన్‌లో, ఆయిల్ రకాన్ని విప్పి బిగించగల మనుషులు, స్పేర్లు ఉంటే, ధర తేడా చూసి ఆయిల్ రకం తీసుకోవడంలో తప్పు లేదు.

వాక్యూమ్ అంటే మెయింటెనెన్సే లేదని కాదు. బాటిల్ సీల్ పోతే బయటికి కనిపించదు. ట్యాప్ సెలెక్టర్, మోటారు డ్రైవ్, గేర్లు, బ్రీదర్ అవే. పాత ఆయిల్ ట్యాంకులో వాక్యూమ్ ఇన్సర్ట్ దించే వీలు కొన్ని మోడళ్లకే ఉంది. రెట్రోఫిట్ ఆలోచన ఉంటే ముందే కనుక్కోవాలి.

ఏవీఆర్ సరిగా పెట్టకపోతే మంచి ట్యాప్ ఛేంజర్ కూడా అరిగిపోతుంది

వోల్టేజిని గమనిస్తూ ట్యాపు మార్చమని ఆదేశమిచ్చే ఆటోమేటిక్ రెగ్యులేటరే ఏవీఆర్. 1.25 శాతం స్టెప్పు అంటే 11 కేవీ మీద 137.5 వోల్టులు. బ్యాండ్‌విడ్త్ (ఏవీఆర్ ఆదేశమివ్వకుండా ఊరుకునే వోల్టేజి పరిధి) ప్లస్ మైనస్ 0.5 శాతం పెడితే మొత్తం వెడల్పు 110 వోల్టులు, స్టెప్పుకన్నా తక్కువ. కింద నుంచి ఒక స్టెప్పు పెంచితే బ్యాండ్‌ను దాటి పైకి పోతుంది, అక్కడి నుంచి దించితే మళ్లీ కిందికి. ఇదే హంటింగ్. ప్లస్ మైనస్ 0.75 శాతం కనీసం, 1 శాతం దగ్గర మొదలుపెట్టడం మంచిది. మొదటి స్టెప్పుకు టైమ్ డిలే 30 నుంచి 120 సెకన్ల మధ్య. పై స్థాయి ట్రాన్స్‌ఫార్మర్‌కు తక్కువ, కింది స్థాయికి ఎక్కువ ఉండాలి. తలకిందులుగా పెడితే కింది ట్యాప్ ఛేంజర్ ముందే తిరిగి, పైది సరిచేశాక మళ్లీ వెనక్కి తిరుగుతుంది. ప్రతి మార్పుకూ రెండు అనవసర ఆపరేషన్లు.

వోల్టేజి మరీ పడిపోయినప్పుడు, కరెంటు మితిమీరినప్పుడు ట్యాపు మార్పును ఆపే అండర్‌వోల్టేజి బ్లాకింగ్, ఓవర్‌కరెంట్ బ్లాకింగ్ తప్పకుండా పనిచేయాలి. ట్యాప్ ఛేంజర్ రియాక్టివ్ పవర్‌ను (వోల్టేజి నిలబడటానికి కావాల్సిన విద్యుత్ భాగాన్ని) పుట్టించదు, పై నెట్‌వర్క్ నుంచి లాక్కుంటుంది. పైనే కొరత ఉంటే, ఇది ఎల్‌వీని నిలబెట్టాలని ట్యాపులు వేసేకొద్దీ హెచ్‌వీ ఇంకా కుంగుతుంది. 1983 డిసెంబరు 27న స్వీడన్‌లో జరిగిన పెద్ద బ్లాకవుట్‌లో ట్యాప్ ఛేంజర్ల ఈ ప్రవర్తనకూ భాగముంది.

సమాంతరంగా నడిచే రెండు ట్రాన్స్‌ఫార్మర్లు ఒకేలాంటివైతే మాస్టర్-ఫాలోవర్ (ఒకటి ట్యాపు మారిస్తే రెండోది అనుసరించే పద్ధతి) చాలు. ఇంపిడెన్సులో, స్టెప్పులో తేడా ఉంటే రెండింటి మధ్య ఊరికే తిరిగే కరెంటును తగ్గించే సర్క్యులేటింగ్ కరెంట్ పద్ధతి కావాలి. 10 శాతం ఇంపిడెన్స్ ఉన్న రెండు ఒకేలాంటి ట్రాన్స్‌ఫార్మర్లలో ట్యాపులు రెండు స్టెప్పులు ఎడమైతే 2.5 శాతం తేడా 20 శాతం ఇంపిడెన్స్ మీద పడుతుంది. రేటెడ్ కరెంటులో 12.5 శాతం ఊరికే తిరుగుతూ ఉంటుంది. బస్ వోల్టేజి మాత్రం మామూలుగానే కనిపిస్తుంది.

ఏవి చెడతాయి, ఎలా పసిగట్టాలి

ట్యాప్ వైండింగ్‌ను కలపడానికీ, తీసివేయడానికీ తిప్పి వాడే రివర్సింగ్ రకంలో ఛేంజ్ ఓవర్ సెలెక్టర్ మధ్య పొజిషన్ దాటినప్పుడే కదులుతుంది. ఏడాదంతా ఒకవైపే నడిస్తే దానికీ ఆఫ్ సర్క్యూట్ స్విచ్‌కు పట్టిన కోకింగే పడుతుంది. వీలైనప్పుడు, లోడు తక్కువగా ఉన్న వేళ, మధ్య పొజిషన్ అటూ ఇటూ కొన్నిసార్లు దాటించాలి.

మెయిన్ ట్యాంక్ ఆయిల్ డీజీఏలో (ఆయిల్‌లో కరిగిన గ్యాసుల పరీక్షలో) అసిటిలీన్ కనిపిస్తే, వైండింగ్‌ను అనుమానించే ముందు డైవర్టర్ గది సీల్ చూడండి. అక్కడి ఆయిల్ లీకై కలిసినా అదే గ్యాస్ కనిపిస్తుంది. రెండు కన్సర్వేటర్ల మట్టాలు క్రమంగా సమానమవుతుంటే ఆ అనుమానం బలపడుతుంది. ఆయిల్ రకం ట్యాప్ ఛేంజర్‌కు పెట్టాల్సింది ఆయిల్ ఒక్కసారిగా ఉప్పొంగితే ట్రిప్ చేసే ఆయిల్ సర్జ్ రిలే. అక్కడ గ్యాస్ పుట్టడం మామూలే కాబట్టి మెయిన్ ట్యాంక్‌కు ఉండే బుకోల్జ్ రిలేలా గ్యాస్ పోగైందని అలారం ఇచ్చేది పనికిరాదు. ఆ రిలే ట్రిప్ అయితే లోపల తెరిచి చూడకుండా మళ్లీ ఛార్జ్ చేయవద్దు.

కంట్రోల్ కాంటాక్టర్ అతుక్కుపోతే మోటారు ఆగకుండా ట్యాపు తర్వాత ట్యాపు వేసుకుంటూ చివరి దాకా పోతుంది. దీన్ని ఆపే రన్-త్రూ రక్షణ డ్రైవ్‌లో ఉండాలి. కమిషనింగ్‌లో కాంటాక్టర్‌ను చేత్తో నొక్కి పట్టుకుని, మోటారు సప్లై నిజంగా ట్రిప్ అవుతోందో లేదో చూడాలి. అదే రోజు అన్ని ట్యాపుల్లో రేషియో, వైండింగ్ రెసిస్టెన్స్ కొలిచి, డైనమిక్ రెసిస్టెన్స్ గ్రాఫ్ (ట్యాపు మారుతున్నంతసేపు పరీక్ష కరెంటు ఎలా కదిలిందో చూపేది) తీసి భద్రపరచాలి. తర్వాతెప్పుడో ఒక ట్యాపు దగ్గర రెసిస్టెన్స్ 2 శాతం మించి పక్కకు పోయినా, గ్రాఫ్‌లో సున్నా దాకా పడిన గీత కనిపించినా, పోల్చడానికి చేతిలో ఉండేది ఆ కాగితమే. హ్యాండ్ క్రాంక్ దూర్చగానే మోటారు సర్క్యూట్ తెగుతోందా, రెండు చివరి పొజిషన్లలో ఎలక్ట్రికల్ లిమిట్ స్విచ్ మెకానికల్ స్టాప్ కన్నా ముందే ఆపుతోందా, కంట్రోల్ రూమ్‌లో చూపే ట్యాపు నంబరు డ్రైవ్ పెట్టె కిటికీలోని నంబరుతో కలుస్తోందా అన్నవి కూడా ట్రాన్స్‌ఫార్మర్ ఛార్జ్ కాకముందే చూసుకోవాలి.